బుంగ పెట్టకూడని రోజు

మీ ఊళ్లో ఏమంటారో నాకు తెలీదు గానీ, మా కోటవీధిలో సరదాని పాడుచేసేవాణ్ణి 'బుంగ' అంటారు. అంటారేమిటి, ఆ మాట పుట్టిందే మా ఇంట్లో. పుట్టించినవాడు మా నాన్న. ఏ మనిషిని చూసి పుట్టించాడో, సరిగ్గా ఆ మనిషినే నేను పెళ్లి చేసుకుంటానని పట్టుబట్టాను. ఇక మా ఇల్లు ఎలా దద్దరిల్లిందో మీరే ఊహించుకోండి. వద్దులెండి, మీవల్ల కాదు, నేనే చెబుతాను. మధ్యలో అడ్డు మాత్రం రాకండి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

మా నాన్న జాన్‌బాబు విశాఖపట్నం పోర్టులో సరంగు. సముద్రంలోంచి వచ్చిన పెద్ద పెద్ద ఓడల్ని తాళ్లతో కట్టి హార్బర్లోకి లాక్కొచ్చే టగ్గు ఉంటుందే, దాన్ని నడిపేవాడు. అది జీతం ఇచ్చే ఉద్యోగం. ఆయన అసలు ఉద్యోగం సరదా. వీధిలో ఎవరింట్లో పుట్టినరోజైనా, ఎవరబ్బాయి మెట్రిక్ పాసైనా, ఆఖరికి ఎవరి మేక ఈనినా సరే, మా నాన్న హార్మోనియం భుజాన వేసుకుని తయారు. ఆయన వెనకాలే డోలక్కుతో కరీం బాషా మావయ్య. బాషా మావయ్య మా పక్కింటాయన, పెళ్లిళ్లకి బిర్యానీ వండే మేస్త్రి. నాన్నా ఆయనా 'బావా' అంటే 'బావా' అనుకుంటారు. ఆయన లేని క్రిస్మస్ మా ఇంట్లో లేదు, మేము లేని రంజాన్ వాళ్లింట్లో లేదు.

ఇక బుంగ సంగతి. స్టీల్ ప్లాంటు కట్టడం మొదలైన రోజులవి. ఆ ఏడు ఈస్టర్ మర్నాడు మా చర్చి వాళ్లందరం యారాడ బీచికి పిక్నిక్ బయల్దేరాం. బస్సులో వెళితే మనకీ మిగతా జనానికీ తేడా ఏముందని నాన్న జాలరిపేట వరహాలు పడవ మాట్లాడాడు. పడవ డాల్ఫిన్ నోస్ కొండ పక్కకి వచ్చేసరికి మా ఆనందం పట్టపగ్గాల్లేకుండా ఉంది. నాన్న లేచి నిలబడి, తను సొంతంగా కట్టిన పాట అందుకున్నాడు. అమ్మని ఓడగానూ తనని టగ్గుగానూ పెట్టి కట్టిన పాట అది. పద్నాలుగు చరణాలు.

"ఓడంత నువ్వు, టగ్గంత నేను, తాడేసి లాగితే కదిలొచ్చినావు..."

ఆడవాళ్లందరూ చప్పట్లు. మగవాళ్లందరూ ఈలలు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. సరిగ్గా నాన్న పై స్థాయికి ఎక్కబోతుండగా మూలనుంచి ఒక గొంతు, ఏమీ తొందర లేకుండా పలికింది.

"వరహాలన్నా, అడుగున నీల్లున్నాయి. పడవకి బుంగ పడిందేమో సూడు."

అంతే. చప్పట్లు కొట్టే చేతులు పడవ అంచులు పట్టుకున్నాయి. బాషా మావయ్య డోలక్కుని గుండెలకి హత్తుకుని కల్మా చదవడం మొదలుపెట్టాడు. మా చర్చి ఆడవాళ్లు "ఓలమ్మో, ఓలి తల్లో" అని ఒకరి మీద ఒకరు పడ్డారు. నాన్న పై స్థాయిలోనే ఆగిపోయి నోరు మూయడం మరిచిపోయాడు. వరహాలు ఎందుకొచ్చిన గొడవని పడవని వెనక్కి తిప్పేశాడు.

ఒడ్డుకి చేరి సామానంతా దింపి చూస్తే బుంగా లేదు, పాడూ లేదు. షర్బత్‌కని బాషా మావయ్య తెచ్చి గోనెసంచిలో చుట్టి అడుగున పెట్టిన ఐసు దిమ్మ కరిగింది. ఆ నీళ్లవి. ఇంతలో ఎండ ఎక్కిపోయింది, గాలి మారింది, మళ్లీ వెళ్లే ప్రసక్తి లేదన్నాడు వరహాలు. జాలరిపేట ఇసకలో, ఎండుచేపల మధ్య కూర్చుని పులిహోర తిన్నాం. నాన్న ఆ కుర్రాడి ముందుకెళ్లి నిలబడ్డాడు.

"ఒరే, పడవకి పడ్నేదురా బుంగ. మా సరదాకి పడింది. ఎట్టింది నువ్వు!"

ఆ కుర్రాడు దేవకుమార్. స్టీల్ ప్లాంటు పనుల్లో అప్పుడే ఎలక్ట్రీషియన్‌గా చేరి, గాజువాకలో గది తీసుకుని, ఆదివారాలు మా చర్చికి వచ్చేవాడు. నీళ్లు కనిపించాయి, చెప్పాడు. అంతకుమించి అతని మనసులో ఏమీ లేదు. కానీ ఆ రోజునుంచి అతని పేరు బుంగ. నెల తిరక్కముందే అది పేరు కాదు, మాటైపోయింది. క్యారమ్స్ ఆడుతుంటే "దీపాలెట్టే ఏలయింది, సదూకోండి" అని తల్లి అరిస్తే, "అబ్బా, బుంగెట్టీసింది మాయమ్మ" అనేవారు పిల్లలు. మ్యాట్నీకి బయల్దేరుతుంటే చుట్టం దిగితే నిండు బుంగ. వచ్చిన చుట్టం కూడా మ్యాట్నీకి వస్తానంటే అర బుంగ. టిక్కెట్టు డబ్బులు కూడా తనే పెడతానంటే బుంగ పూడ్చినట్టు. ఒకసారి గాజువాక బస్సు కంచరపాలెంలో ఆగిపోయి, "ఇంక ఎల్లదు, దిగండి" అని కండక్టరు అంటే, నేనెప్పుడూ చూడని మనిషెవరో "బుంగెట్టీసావు గదా గురూ!" అన్నాడు. బస్సు పోయిందన్న బాధ కూడా లేకుండా నేను ఇంటికి పరుగెత్తుకెళ్లి నాన్నకి చెప్పాను. ఆ రోజు నాన్న మురిసిన మురుపు చూడాలి. ఓడకి తన పేరు పెట్టినా అంత మురిసేవాడు కాదు.

దేవకుమార్ మాత్రం మారలేదు. మారడం అతనికి చేతకాదు. సినిమాలో హీరో కొండమీంచి పడిపోతే, హాలంతా ఏడుస్తుంటే, "సచ్చిపోడు, బయట బోర్డు మీద ఉన్న ఎర్రచొక్కా ఇంకా ఏస్కోలేదు" అనేవాడు. పక్కవాళ్ల ఏడుపు పక్కవాళ్ల గొంతులోనే ఉండిపోయేది. ఎవరి మీదా కక్ష లేదు, వెటకారం లేదు. కళ్లకి కనిపించింది నోట్లోంచి వచ్చేసేది, అంతే.

అలాంటివాణ్ణి నువ్వెలా మెచ్చావే అంటారా? చెబుతాను. నేను ట్రంకు ఎక్స్‌ఛేంజిలో ఆపరేటర్ని. గొంతు బాగుంటుందని చర్చి క్వయర్లో ఎప్పుడూ నాకే ముందు వరస. ఆ ఏడు క్రిస్మస్‌కి ఒంటరిగా పాట పాడాను. అందరూ ఆహా అన్నారు, ఓహో అన్నారు, నాన్నయితే కళ్లు తుడుచుకున్నాడు. బయటికి వస్తుంటే ఇతను గేటు దగ్గర నిలబడి, "మూడో చరణంలో గొంతు అందనేదు విమలా" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "నిన్నెవడడిగాడు?" అని అందరి ముందూ కేకలేసి వచ్చేశాను. ఇంటికొచ్చి మూడో చరణం పాడి చూసుకుంటే, నిజంగానే అందలేదు. దాంతో కోపం ఇంకా పెరిగింది. గుడ్ ఫ్రైడే దాకా అతని మొహం చూడలేదు.

ఆ గుడ్ ఫ్రైడేకి మళ్లీ పాడాను. పంతం పట్టి సాధన చేసి పాడాను. గేటు దగ్గర మళ్లీ అతనే. నేను తల తిప్పుకుని వెళ్లిపోతుంటే, "ఇవాళ బాగుంది" అన్నాడు. అంతే అన్నాడు. ఆహా లేదు, ఓహో లేదు. మా ఇంట్లో పుట్టినప్పట్నుంచీ నేను తుమ్మినా బాగుందనే అన్నారు. కానీ ఆ మనిషి నోట్లోంచి 'బాగుంది' వచ్చిందంటే, అది నిజంగా బాగున్నట్టే. కోటవీధి దాకా నడిచి వచ్చానో ఎగిరి వచ్చానో నాకు తెలీదు. ఇంకేం ఆలోచించుకునే పని లేకపోయింది.

నాన్నకి చెప్పిన రోజున ఆయన హార్మోనియం తుడుచుకుంటున్నాడు. గుడ్డ కింద పడేశాడు.

"ఎవుడూ? ఆ బుంగగాడా? ఒలే, ఊరందరూ అల్లుణ్ణి తెచ్చుకుంటారు, నాను బుంగని తెచ్చుకుని ఇంట్లో ఎట్టుకోవాలా? రోజూ నా కొంప ముంచుతాడే!"

"నాను చేసుకుంటే అతన్నే చేసుకుంటాను. నేదంటే ఎక్స్‌ఛేంజిలో హెడ్‌ఫోను పెట్టుకుని ముసలిదాన్నైపోతాను."

"అయిపో!"

"అయిపోతాను!"

ఇద్దరిదీ ఒకటే కోపం. ఇల్లు ఎగిరిపోతుండగా, ఎప్పుడూ మాట్లాడని మా అమ్మ దీవెనమ్మ వంటింట్లోంచి వచ్చింది. "మన పెళ్లయి పాతికేళ్ల పండగ సేత్తన్నారు గదా. ఆ అబ్బాయిని రమ్మనండి. ఆ రోజంతా బుంగెట్టకుండా ఉన్నాడంటే పిల్లనిద్దురు. ఎట్టాడంటే మానీదురు" అంది.

నాన్న కళ్లు మెరిశాయి. పందెం అంటే ఆయనకి ప్రాణం. "సరే! ఒక్క బుంగ! ఒక్కటంటే ఒక్కటి పడిందా, ఈ సంబంధం హార్బర్ బయటే. మల్లీ నా దగ్గర ఆ పేరెత్తకూడదు. మాటంటే మాటే" అన్నాడు. నేనూ మాటిచ్చాను. ఎవరి తరఫున ఇచ్చానో ఇచ్చేశాక గుర్తొచ్చింది. దేవకుమార్ ఒక రోజంతా బుంగ పెట్టకుండా ఉండడమా? అతను ఊపిరి బిగబట్టి ఉండడమే తేలిక.

గాజువాక వెళ్లే బస్సు స్టాపులో నిలబెట్టి అతనికి పాఠం చెప్పాను.

"ఆ రోజు నీకు ఏటి కనబడినా నోరు ఇప్పకు. సొక్కా తిరగేసి ఏసుకున్నవాడు కనబడినా సరే. నీకు ఒక్కటే మాట ఇత్తన్నాను. ఆమెన్. ఎవరేటడిగినా ఆమెన్. ఇంకో మాట వచ్చిందంటే నాను నీకు నేనట్టే."

అతను చాలాసేపు ఆలోచించాడు. "ఆమెన్" అన్నాడు.

పండగ రోజు వచ్చింది. మా పెరట్లో షామియానా. కోటవీధి సగం అక్కడే ఉంది. నాన్న సిల్కు లాల్చీ వేసుకుని పెళ్లికొడుకులా తిరుగుతున్నాడు. గుమ్మం మీద రంగు కాగితాలతో '25' అంకెలు తన చేత్తో తనే అతికించాడు. ఆ హడావిడిలో ముందుది వెనకా వెనకది ముందూ పెట్టేశాడు. గుమ్మం మీద '52' ఉంది. వచ్చినవాళ్లందరూ తలెత్తి చూడడం, ఒక క్షణం ఆగడం, "ఆహా, ఏం అలంకారం బావా!" అని లోపలికి వచ్చేయడం. ఎవరూ చెప్పలేదు. చెబితే బుంగ అంటారు కదా!

దేవకుమార్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల. గుమ్మం దగ్గర ఆగి పైకి చూశాడు. నోరు తెరుచుకుంది. నేను లోపల్నుంచి కళ్లురిమాను. అతని పెదాలు కాసేపు కొట్టుకుని, "ఆమెన్" అన్నాయి.

"ఓహో, భక్తి బాగా ముదిరిందే" అని నాన్న భుజం తట్టాడు. అక్కడినుంచి నా గుండెకాయ నా దగ్గర లేదు. ఎవరో కాఫీ తాగుతావా బాబూ అంటే ఆమెన్. గాజువాకలో వానలెలా ఉన్నాయి అంటే ఆమెన్. జీతం ఎంతొస్తుంది అంటే కూడా ఆమెన్. మా చర్చి ఆడవాళ్లు, "ఎంత దైవభక్తి తల్లీ, ఈ కాలం కుర్రాళ్లలో" అని ముక్కు మీద వేలేసుకున్నారు. నేను వంటింట్లోకి పోయి గోడకి ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వాను.

తరవాత నాన్న తన ఓడ కెప్టెనూ మేకపోతూ కథ ఎత్తుకున్నాడు. ఆ కథ కోటవీధిలో పుట్టిన ప్రతి పిల్లకీ వచ్చు. చివరికి మేకపోతే ఓడ నడుపుతుంది. నాన్న కావాలనే దేవకుమార్ ఎదురుగా కుర్చీ వేసుకుని చెప్పాడు. మధ్యలో ఆపి, "ఇప్పుడు స్టీరింగు కాడ ఎవుడున్నాడో సెప్పుకోరా సూద్దాం" అని ఊరించాడు కూడా. అతని మెడ నరాలు పొంగాయి. చెవులు ఎర్రబడ్డాయి. "ఆమెన్" అన్నాడు చిన్నగా. నాన్నే 'మేకపోతు!' అని చెప్పేసి తనే పగలబడి నవ్వాడు. నవ్వుతూ నావైపు చూసిన చూపులో కొంచెం మెత్తదనం కనిపించింది. నా ప్రాణం లేచొచ్చింది. ఇంక భోజనాలొక్కటే. భోజనాలయ్యాక నాన్న పాట. అదీ అయితే నా పెళ్లే.

భోజనానికి ముందు పాస్టరుగారు ప్రార్థన చెయ్యాలి. ఆయన ప్రార్థన చక్కగా, పొట్టిగా ఉంటుంది. బాషా మావయ్యకి ఆ లెక్క బాగా తెలుసు. మా ఇళ్లల్లో వండినప్పుడల్లా ఆయనకో పద్ధతుంది. పాస్టరుగారు కళ్లు మూసుకోగానే ఆయన బిర్యానీ డేగిసా మూత చుట్టూ మెత్తిన పిండి పగలగొట్టి మూత తీస్తాడు. ఆవిరి ఒక్కసారి ఎగిరి, మెతుకు విడివిడిగా అయ్యేసరికి ఆమెన్ వస్తుంది. వేడి వేడిగా ఆకులో పడుతుంది. దమ్ తీసిన బిర్యానీని నిలబెట్టకూడదు, నిలబెడితే వంట చేసినవాడికి అవమానం అంటాడాయన.

అయితే ఆ రోజు పాస్టరుగారు వేరే పెళ్లి ఉందని ముందే దీవించి వెళ్లిపోయారు. ఆ సంగతి పెరటి చివర పొయ్యి దగ్గరున్న బాషా మావయ్యకి ఎవరూ చెప్పలేదు. అందరూ తలలు వంచడం చూసి ఆయన ఠపీమని పిండి పగలగొట్టి మూత తీసేశాడు. అప్పుడు వినిపించింది ఆయనకి, ప్రార్థన చేస్తున్నది ఏసుపాదం తాతయ్య అని.

ఏసుపాదం తాతయ్య నాన్నకి మేనమామ, చర్చిలో అందరికంటే పెద్ద. మనిషి బంగారం. కానీ ప్రార్థన మొదలుపెట్టాడంటే భూమి పుట్టిన దగ్గర్నుంచి రావాలి.

"మహోన్నతుడవగు తండ్రీ, చీకటిలోనుండి వెలుగును పిలిచిన ప్రభువా..."

బిర్యానీ వాసన షామియానా అంతా కమ్ముకుంది. తాతయ్య సముద్రాలు దాటి, జలచరములు దాటి, పక్షుల దగ్గరికి వచ్చాడు. మెల్లగా మనుషుల్లోకి దిగాడు. రైళ్లలో ప్రయాణమయ్యేవారిని, ఓడల్లో ఉన్నవారిని, ఆసుపత్రుల్లో ఉన్నవారిని, జైళ్లలో ఉన్నవారిని జ్ఞాపకం చేశాడు. తూర్పు దేశాలు మొదలుపెట్టాడు. నేను ఒక కన్ను తెరిచి చూశాను. పెరట్లో అందరివీ ఒక్కొక్క కన్ను తెరిచే ఉన్నాయి! అందరూ ఆవిరి వైపే చూస్తున్నారు. ఆవిరి పల్చబడుతోంది. బాషా మావయ్య గరిటె చేత్తో పట్టుకుని, కన్నబిడ్డకి జ్వరమొచ్చినట్టు డేగిసా పక్కన నిలబడి ఉన్నాడు. తాతయ్య చైనాలో ఉన్నాడు. అక్కణ్ణుంచి పడమటి దేశాలకి చాలా దూరం.

ప్రార్థనకి అడ్డు తగలడం ఎవరివల్ల అవుతుంది? పెద్దాయన. పైగా పండగ. బుంగ పెట్టినవాడనే పేరు ఎవరు మోస్తారు? అప్పుడు చూశాను, ఆ తెరిచి ఉన్న కళ్లన్నీ ఒక్కొక్కటిగా దేవకుమార్ మీదికి తిరిగాయి. మా చర్చి ఆడవాళ్లు బతిమాలుతున్నట్టు చూస్తున్నారు. బాషా మావయ్య గరిటెతో సైగ చేస్తున్నాడు. అన్నిటికంటే విడ్డూరం, మా నాన్న! ఒక్క బుంగ పడితే సంబంధం హార్బర్ బయటే అన్న మా నాన్న, ఒక కన్ను గట్టిగా మూసుకుని, రెండో కన్నుతో, "ఒరే నాయనా, నీకు దండం ఎడతాను, ఏదో ఒకటి సెయ్యి" అన్నట్టు చూస్తున్నాడు.

దేవకుమార్ నావైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. వద్దు వద్దు, ఇంత దూరం వచ్చాక వద్దు! తాతయ్య జపాన్ ముగించి ఊపిరి తీసుకోవడానికి ఆగాడు.

"ఆమెన్" అన్నాడు దేవకుమార్.

నేనిచ్చిన ఒక్క మాటే. గట్టిగా కూడా అనలేదు. ఆ మాట కోసమే పుట్టినట్టు పెరడు పెరడంతా "ఆమెన్!" అని అరిచింది. షామియానా మీద కాకులు లేచిపోయాయి. బాషా మావయ్య ముసల్మాను, ఆయన కూడా "ఆమీన్!" అని గరిటె డేగిసాలో దించేశాడు. కుర్చీలు కదిలాయి, ఆకులు పరుచుకున్నాయి, బిర్యానీ నడిచింది. ఇంకా వేడిగానే ఉంది.

తాతయ్య మాత్రం కళ్లు తెరిచి అలాగే నిలబడి ఉన్నాడు. ఆయన్ని చూసి ఒక్కొక్కరే తినడం ఆపారు. నాన్న మొహం పాలిపోయింది. తాతయ్య కర్ర ఊతంతో దేవకుమార్ దగ్గరికి వచ్చాడు.

"బాబూ, నా ప్రార్థన అయిపోయిందనుకున్నావేటి?"

అయిపోయిందనుకున్నాను తాతయ్యా అంటే చాలు. అబద్ధమే గానీ చిన్నది. అందరూ నవ్వేస్తారు, తాతయ్య నవ్వేస్తాడు, నాన్న పిల్లనిస్తాడు. దేవకుమార్ మళ్లీ నావైపు చూశాడు. నేను ఆమెన్ తప్ప ఇంకో మాట వద్దన్నాను కదా, సెలవు కోసం చూస్తున్నాడు. అతని మొహం చూశాను. పొద్దున్నుంచీ నోరు నొక్కుకుని నొక్కుకుని వాడిపోయి ఉంది. నేను ప్రేమించింది ఈ మొహాన్ని కాదు. ఇలా మూగవాణ్ణి చేసి పెళ్లి చేసుకుని నేనేం చేసుకోను? నాకు ఏడుపొచ్చేసింది.

"నిజం సెప్పీ దేవా" అన్నాను. "ఏదైతే అదవుద్ది."

"అయిపోనేదని తెలుసు తాతయ్యా" అన్నాడు అతను. "బిర్యానీ సల్లారిపోతందని అన్నాను. మీరు కూడా రెండు కాళ్లూ మార్చి మార్చి నిలబడతన్నారు. మోకాళ్లు నొప్పెడతన్నాయి గావాల."

పడింది బుంగ. నిండు బుంగ. షామియానాలో ఎవరో "అయ్యబాబోయ్" అన్నారు. తాతయ్య గడ్డం వణికింది. కోపమనుకున్నాను. కాదు, నవ్వు. కర్ర నేలకేసి కొట్టి మరీ నవ్వాడు.

"సచ్చిపోతన్నానురా బాబూ మోకాళ్ల నొప్పులతోటి! ఎప్పుడూ మీరందరూ ఆహా తాతయ్యా, ఏం ప్రార్థన తాతయ్యా అంటారు. ఆపితే మీరేటనుకుంటారోనని నాను సాగదీత్తన్నాను. నాకూ ఆకలేత్తాది గదరా! ఒక్కడు, ఒక్కడు సెప్పినాడా?" అని దేవకుమార్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నా ఆకు ఇక్కడెయ్యండి."

అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు. ఆయన దేవకుమార్ ఎదురుగా వచ్చి, లాల్చీ చేతులు పైకి మడిచాడు. నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను.

"ఒరే. నా పాట ఎలాగుంటాది? నిజం సెప్పు."

అయిపోయింది అనుకున్నాను. బాషా మావయ్య అటు తిరిగి డేగిసా తుడుస్తున్నట్టు నటించాడు.

"పాట బాగోదు సరంగుగారూ" అన్నాడు దేవకుమార్. "రెండో చరణానికే రాగం జారిపోతాది. పద్నాలుగు చరణాలు సాలా ఎక్కువ." అమ్మ వైపు ఒకసారి చూశాడు. "గానీ మీరు పాడతన్నంతసేపూ అమ్మగారు కొంగు నోట్లో ఎట్టుకుని నవ్వుతారు. ఆ రోజు పడవలో కూడా సూసాను. అది బాగుంటాది. శానా బాగుంటాది."

నాన్న అమ్మ వైపు తిరిగాడు. అమ్మ అప్పుడు కూడా కొంగు నోట్లో పెట్టుకునే ఉంది, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

"నిజమేటే దీవెనా? పాటకి కాదా నువ్వు నవ్వేది?"

"పాటకి ఎవులు నవ్వుతారు?" అంది అమ్మ. "పైకి ఎక్కలేక మీరెట్టే మొకం సూసి నవ్వుతాను. పాతికేల్లనుంచీ ఆ మొకం కోసరమే ఆ పాటంతా ఇంటన్నాను. ఇంకోటి సెప్పనా? గుమ్మం మీద యాభై రెండని ఎట్టారు. ఊరందరూ సూసారు."

నాన్న గుమ్మం వైపు పరుగెత్తాడు. తలెత్తి చూశాడు. నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. అలా పెట్టుకునే మొదలుపెట్టాడు నవ్వడం. వంగి నవ్వాడు, గుమ్మం పట్టుకుని నవ్వాడు, దగ్గొచ్చేదాకా నవ్వాడు. "పొద్దున్నుంచీ యాభై రెండు కింద నిలబడి దండాలెట్టించుకున్నానా! ఒరే, మీరందరూ మనుషులేనా? బాషా బావా, నువ్వు కూడానా?"

"సూసినాను బావా" అన్నాడు బాషా మావయ్య సిగ్గుపడుతూ. "సెప్తే బుంగ అంటావని బయం. ఖుదా కసమ్, ఈ ఈదిలో నీ మాటకి బయపడనోడు ఈ కుర్రోడొక్కడే."

"మరి ఇప్పుడు పడింది బుంగేనా, కాదా? నువ్వే సెప్పు, మాటంటే మాటన్నాను."

బాషా మావయ్య గరిటె చంకలో పెట్టుకుని న్యాయాధికారిలా ఆలోచించాడు. "బుంగంటే సరదా కారిపోవాల బావా. ఇక్కడ సూడు. ఏదీ, ఎక్కడ కారింది? ఆకుల్లో బిర్యానీ ఏడిగున్నాది, తాతయ్య నవ్వుతన్నాడు, మా సెల్లెమ్మ నవ్వుతన్నాది, నువ్వైతే సెప్పక్కర్నేదు. ఇది బుంగ కాదు. బుంగ పూడ్చీసినాడు."

నాన్న దేవకుమార్‌ని రెండు భుజాలూ పట్టుకుని కుదిపాడు. "ఇన్నాల్లూ ఎక్కడున్నావురా నువ్వు! నా ఇంట్లో నిజం సెప్పే నాథుడు నేకుండా పోయాడు గదరా. ఒలే విమలా, ఏడుపాపి ఇలాగ రా. బాషా బావా, డోలక్కు! ఏసుపాదం మావయ్యా, ఇను! వచ్చే ఆదివారం నా కూతురికి ప్రధానం! ఊరందరికీ బోజనాలు! వచ్చే ఆదివారం!"

డోలక్కు మోగింది. ఈలలు మోగాయి. ఎవరో నన్నూ అతన్నీ ఒక్క చోటకి తోసేశారు. నాన్న హార్మోనియం అందుకుని, "రెండో చరణం తీసీసి పాడతాను" అంటూ గొంతు సవరించుకున్నాడు. అమ్మ అప్పుడే కొంగు నోట్లో పెట్టుకుంది. సరిగ్గా నాన్న నోరు తెరిచి పై స్థాయికి ఎక్కబోతుండగా, నా పక్కనుంచి ఒక గొంతు, ఏమీ తొందర లేకుండా పలికింది.

"మావయ్యా, వచ్చే ఆదివారం నాకు డూటీ ఉంది."

నాన్న తెరిచిన నోరు తెరిచినట్టే ఆగిపోయాడు. ఆ తరవాత షామియానా ఎగిరిపోయేలా పెరడంతా ఒక్క గొంతుతో అరిచింది.

"బుంగా!"

అందరికంటే గట్టిగా అరిచింది నేనే.